గడ్డి మంటలు తగ్గుతున్నాయి: ఇది మంచి వార్తేనా?

పైకన్ను · శనివారం, రాత్రి 9:12

వారం రోజులుగా ఇక్కడ ఎవరు రాసినా ఒకటే మాట: "భూమి ఏటికేడు ఎక్కువగా తగలబడుతోంది." నేను హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాలతో పనిచేస్తాను. కాలిన నేలల మచ్చలు గుర్తుపట్టి కొలవడమే పదకొండేళ్లుగా నా ఉద్యోగం. ఆ మాట పూర్తిగా నిజం కాదు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఏటా కాలే నేలలో ఎక్కువ భాగం దట్టమైన అడవి కాదు, గడ్డి. ఆఫ్రికా సవన్నాలు, ఉత్తర ఆస్ట్రేలియా, బ్రెజిల్‌లోని సెరాడో. మొత్తంలో దాదాపు 70 శాతం ఒక్క ఆఫ్రికాలోనే కాలుతుంది. 1998 నుంచి 2015 దాకా చూస్తే ప్రపంచంలో ఏటా కాలే విస్తీర్ణం దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ తగ్గుదల ప్రధానంగా గడ్డినేలల్లోనే. అన్ని రకాల మంటలూ కలిపి 1997–2016 మధ్య సగటున ఏటా సుమారు 220 కోట్ల టన్నుల కర్బనాన్ని గాలిలోకి పంపాయి. అందులో దాదాపు మూడింట రెండు వంతులు గడ్డి మంటలదే. అంత పెద్ద వాటా ఉన్నచోటే మంట తగ్గుతోంది.

అడవుల్లో మాత్రం పెరుగుతోంది. 2023లో ఒక్క కెనడాలోనే సుమారు కోటిన్నర హెక్టార్లు కాలాయి. కానీ ఈ రెండింటినీ కలిపి మాట్లాడకూడదు. గడ్డి మంటల ఉద్గారాలు తగ్గడం మంచి వార్త అని నేనంటాను. కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

మల్లిక_గుంటూరు · 9:25

మరి టీవీలో రోజూ మంటలే చూపిస్తున్నారు కదండీ?

పైకన్ను · 9:31

ఇళ్ల దగ్గరికి వచ్చిన మంటల్నే టీవీలో చూపిస్తారండీ. దక్షిణ సూడాన్‌లో డిసెంబరులో మైళ్ల కొద్దీ గడ్డి కాలితే అక్కడికి కెమెరా వెళ్లదు.

కెమిస్ట్రీ_మాస్టారు · 9:58

220 కోట్ల టన్నులు అన్నచోటే నాకు అభ్యంతరం ఉంది. విజయనగరం జిల్లాలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. గడ్డి కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను ఉద్గారం అనకూడదు. తొలకరి పడగానే అదే గడ్డి మళ్లీ మొలుస్తుంది, పోయినదాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన నిపుణుల సంఘం ఐపీసీసీ మార్గదర్శకాల్లో కూడా గడ్డినేలల మంటలకు కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కలో వేయరు. మీథేన్‌ను, నైట్రస్ ఆక్సైడ్‌ను మాత్రమే వేస్తారు.

ఐపీసీసీ 2006 పట్టికలోని అంకెలతోనే చేసి చూపిస్తాను. ఒక టన్ను ఎండుగడ్డి కాలితే 1613 కిలోల కార్బన్ డయాక్సైడ్, 2.3 కిలోల మీథేన్, 0.21 కిలోల నైట్రస్ ఆక్సైడ్ వస్తాయి. నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ 28 రెట్లు, నైట్రస్ ఆక్సైడ్ 265 రెట్లు వేడెక్కిస్తాయి కాబట్టి ఆ అంకెలతో హెచ్చవేయండి. మొదటిది 64, రెండోది 56. కలిపితే 120 కిలోలు. వాతావరణం మీద నికరంగా పడే భారం ఇంతే. మీరు 1613 చూపించి భయపెట్టి, అది తగ్గిందని సంతోషపెడుతున్నారు.

పైకన్ను · 10:07

మాస్టారూ, మీ లెక్క సరైనదే. నేను చెప్పింది గాలిలోకి వెళ్లిన మొత్తం కర్బనం గురించి, నికరం గురించి కాదు. కానీ కాలే గడ్డి తగ్గితే 1613 తగ్గినట్టే 120 కూడా తగ్గుతుంది కదా. ధోరణి మారదు.

కెమిస్ట్రీ_మాస్టారు · 10:15

ధోరణి గురించి నేను అడగలేదు. ఉద్గారం అన్న పదం వాడకం గురించి అడిగాను. దానికి జవాబు రాలేదు.

కిరణ్07 · 10:22

చిన్న చిన్న మంటలు ఉపగ్రహానికి కనిపిస్తాయా? మా పొలం గట్టు మీద గడ్డి కాలిస్తే కూడా లెక్కలోకి వస్తుందా?

పైకన్ను · 10:36

మంచి ప్రశ్న. మోడిస్ అనే పరికరం 500 మీటర్ల గడులుగా నేలను చూస్తుంది. మీ గట్టు దానికి కనపడదు. 2016లో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాను సెంటినెల్-2 ఉపగ్రహంతో 20 మీటర్ల గడులుగా చూస్తే మోడిస్ లెక్క కంటే 80 శాతం ఎక్కువ నేల కాలినట్టు తేలింది. అంటే పాత లెక్కలు చాలా తక్కువ చూపించాయి. ఆ చిన్న మంటల్ని కూడా కలిపి వేసిన కొత్త లెక్కలో 2001–2020 మధ్య ఏటా సగటున 77 కోట్ల హెక్టార్లు కాలినట్టు వచ్చింది. మొత్తం పెరిగింది గానీ, ఆ ఇరవై ఏళ్లలో తగ్గుదల మాత్రం మళ్లీ దాదాపు నాలుగో వంతే. అందుకే తగ్గడం నిజమేనని ఇంత గట్టిగా చెబుతున్నాను.

గొర్లమంద · 10:51

తగ్గింది సరే. ఆ గడ్డి ఏమైందన్నా?

మాది నంద్యాల జిల్లా. మా తాత, మా నాయన గొర్లు మేపినవాళ్లు. నేను డిగ్రీ చదివి కర్నూలులో అంగట్లో పనిచేస్తున్నా. మా ఊరి పడమటి బీడు నా చిన్నప్పుడు కనుచూపు మేర ఉండేది. ఎండాకాలంలో అక్కడక్కడా కాలేది. ఇప్పుడు కాలదు. ఎందుకంటే సగం శనగ చేలయింది, కొంత సర్కారు తుమ్మ కమ్మేసింది, మిగిలినదాంట్లో సోలార్ పలకలు పరిచారు. మీరు పైనుంచి చూస్తే "మంట తగ్గింది" అని కనపడుతుంది. మాకు కింద నుంచి చూస్తే మేత పోయింది.

గడ్డే లేకపోతే మంట ఎక్కడ నుంచి వస్తుంది? దీన్ని మంచి వార్త అంటే నాకు కడుపు మండుతుంది.

పైకన్ను · 11:04

కారణం అదేనని నేనూ ఒప్పుకుంటాను. ఆఫ్రికాలోనూ అదే జరిగింది. పొలాలు పెరిగాయి, పశువులు పెరిగాయి, ఊళ్లు, దారులు వచ్చి గడ్డిని ముక్కలు చేశాయి. మంట ఒకచోట పుడితే ఇంకోచోటికి పాకే వీలు లేకుండా పోయింది. కానీ కారణం ఏదైనా పొగ తగ్గింది కదా? ఆ పొగ పీల్చే పిల్లల ఊపిరితిత్తులకు కారణంతో పనేముంది?

గొర్లమంద · 11:09

కారణంతో పని లేదంటే ఇంక చర్చ ఎందుకు?

కెమిస్ట్రీ_మాస్టారు · 11:20

గొర్లమంద గారి మాట నా వాదనకే బలం ఇస్తోంది. గడ్డినేల కర్బనాన్ని ఎక్కువగా నేల కింద, వేళ్లలోనూ మట్టిలోనూ దాస్తుంది. మంట పైగడ్డిని తింటుంది గానీ వేళ్లను ముట్టదు. అదే నేలను నాగలితో తిరగేస్తే మట్టిలోని కర్బనం ఏళ్ల తరబడి గాలిలోకి పోతుంది, అది తిరిగి రాదు. పైగా యూరియా వేస్తారు. వేసిన నత్రజనిలో సుమారు 1 శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుందని ఐపీసీసీయే లెక్క కట్టింది. అది "మంటలు" అన్న కాలమ్‌లో కనపడదు, "వ్యవసాయం" అన్న కాలమ్‌లో కనపడుతుంది. భారం ఒక కాలమ్ నుంచి ఇంకో కాలమ్‌లోకి మారింది. మొదటి కాలమ్ ఒక్కటే చూపించి మంచి వార్త అనడం తప్పు.

కాబట్టి మళ్లీ అడుగుతున్నాను, ఉద్గారం అన్న పదాన్ని మీరు సవరించుకుంటారా లేదా?

పైకన్ను · 11:26

"స్థూల ఉద్గారం" అని సవరిస్తున్నాను. సరిపోయిందా మాస్టారూ?

కెమిస్ట్రీ_మాస్టారు · 11:28

సరిపోయింది.

పాత_రేంజర్ · ఆదివారం, ఉదయం 5:50

రాత్రి జరిగిన చర్చంతా ఇప్పుడే చదివాను. ముప్పై నాలుగేళ్లు అడవిలో పనిచేసి రిటైరయ్యాను. మీ కాలమ్‌ల గొడవ నాకు అర్థం కాలేదు గానీ, ఒక మాట చెబుతాను. మంట అంటే మంటే. గడ్డి మంట మంచిది, అడవి మంట చెడ్డది అని విడదీసేవాళ్లు ఎప్పుడూ మంట ముందు నిలబడి ఉండరు. మా నల్లమలలో నేల మీద కాలేది గడ్డే, ఆకు రొట్టే. బోద గడ్డి నిలువెత్తు పెరుగుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మాకు నిద్ర ఉండదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం చేస్తామని ఒకడు అంటిస్తాడు. తునికి చెట్టు లేత ఆకు వేయాలని ఇంకొకడు అంటిస్తాడు. పచ్చిక రావాలని గొర్ల కాపరి అంటిస్తాడు. వాళ్లకు కావాల్సింది నాలుగు సెంట్లు, కాలేది నాలుగు వందల ఎకరాలు.

అందుకని మంట తగ్గిందంటే నాకు సంతోషమే. ఎందుకు తగ్గిందో నాకు అక్కరలేదు. తమ్ముడూ గొర్లమందా, నీ బాధ మేత గురించి. దాన్ని మంటతో ముడిపెట్టకు.

గొర్లమంద · 6:34

సార్, పచ్చిక కోసం గొర్ల కాపరి అంటిస్తాడని మీరే రాసి, మంటతో ముడిపెట్టకు అని మీరే అంటే ఎలా?

అరూషా_రావు · 8:15

నేను పన్నెండేళ్లుగా టాంజానియాలో ఉంటున్నాను. సెరెంగెటి గడ్డి మైదానం ఇక్కడికి దగ్గరే. అక్కడి కథ ఈ చర్చకు చాలా పనికొస్తుంది.

పశువుల ప్లేగు వల్ల అక్కడ విల్డబీస్ట్‌లు (మందలుగా గడ్డి మేసే పెద్ద అడవి జంతువులు) దశాబ్దాల పాటు తక్కువగా ఉండేవి. తినేవాళ్లు లేక గడ్డి పెరిగి ఏటా మైదానంలో ఎక్కువ భాగం కాలిపోయేది. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేశాక 1960లలో ఆ జబ్బు పోయింది. 1961లో మూడు లక్షలకు మించని విల్డబీస్ట్‌లు 1970ల చివరికి 13 లక్షలు దాటాయి. అవి గడ్డి తినేశాయి, మంటలు తగ్గాయి, చెట్లు మొలిచాయి. ఆ నేల కర్బనాన్ని వదిలే నేలగా ఉండి, దాచుకునే నేలగా మారిందని శాస్త్రవేత్తలు తేల్చారు. అక్కడ ఒక్క ఎకరం కూడా దున్నలేదు. అంటే మంట తగ్గే దారులు రెండున్నాయి. నేలను దున్నేయడం ఒకటి. గడ్డిని గడ్డిగానే ఉంచి, తినేవాళ్లను రానివ్వడం ఇంకొకటి. పైకన్ను గారి గ్రాఫులో ఈ రెండూ ఒకటే గీతలాగా కనపడతాయి.

గొర్లమంద · 8:29

రావుగారూ, మీకు దండం. మేం చెప్పేది ఇదే. మంద తిరిగిన బీడు కాలదు.

పైకన్ను · 9:02

రావుగారి ఉదాహరణ నిజమే. కానీ దాన్ని పట్టుకుని మేత పెరిగితే వాతావరణానికి మేలు అనుకోవద్దు. ఇక్కడ ఒక లెక్క చెప్పక తప్పదు. మాస్టారు చెప్పినట్టు టన్ను గడ్డి కాలితే 2.3 కిలోల మీథేన్ వస్తుంది. అదే టన్ను గడ్డిని పశువు తింటే దాని కడుపులోంచి సుమారు 20 కిలోల మీథేన్ వస్తుంది. దాదాపు తొమ్మిది రెట్లు. సెరెంగెటిలో చెట్లు, మట్టి ఆ భారాన్ని మించి కర్బనాన్ని దాచాయి కాబట్టి మేలు జరిగింది. అన్నిచోట్లా అలా జరగదు. గడ్డిని మంట తినకుండా మంద తింటే, మీథేన్ వరకు చూస్తే మందే ఎక్కువ భారం. ఇది నా అభిప్రాయం కాదు, కొలిచిన విషయం.

గొర్లమంద · 9:20

వచ్చింది. రాత్రి నుంచి ఎదురుచూస్తున్న మాట ఇదే.

గడ్డి కాలితే గొర్ల కాపరి తప్పు. గడ్డి కాలకుండా గొర్రె తింటే అదీ గొర్ల కాపరి తప్పే. దున్నిన ఆసామి పేరు ఎవరూ ఎత్తరు. పలకలు పరిచిన కంపెనీ పేరు ఎవరూ ఎత్తరు. మీ ఆఫీసులో ఏసీ ఎంత తింటుందో ఎవరూ అడగరు.

2016 ఎండాకాలంలో మా ఊరి దగ్గర రిజర్వు అడవి అంచున గుట్ట కాలింది. రోడ్డు పక్క నుంచి మొదలైంది, ఊరంతా చూసింది. రోడ్డు మీద పోయే ఎవడో బీడీ పారేశాడు. అప్పటికి మా నాయన మందను తీసుకుని వాగు అవతల ఉన్నాడు. మంట చూసి, గొర్లను వదిలేసి, వేపరొట్ట పట్టుకుని ఆర్పడానికి పరిగెత్తాడు. చేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం జీపులో వచ్చినవాళ్లకు అక్కడ కనపడిన మనిషి మా నాయనే. ఆయన మీదే కేసు రాశారు. ఏముందో చదవలేక వేలిముద్ర వేశాడు. జరిమానా కట్టడానికి పదకొండు పొట్టేళ్లు అమ్మాం. దాని తర్వాత మా నాయన మళ్లీ ఆ గుట్ట వైపు మంద తోలలేదు. రెండేళ్లకు మంద మొత్తం అమ్మేశాడు. గుట్ట మీద ఇప్పుడు లాంటానా పొదలు తప్ప ఏమీ లేవు.

ఒక మంద పోయింది. మీ లెక్కలో 20 కిలోల మీథేన్ ఎన్నిసార్లు తగ్గిందో వేసుకోండి.

పైకన్ను · 9:33

మీ నాన్నగారికి జరిగింది చాలా అన్యాయం. కానీ నేను మిమ్మల్ని తప్పు పట్టలేదు. కొలత చెప్పడం వేరు, నింద వేయడం వేరు.

గొర్లమంద · 9:36

కొలిచేవాడికి వేరు. కొలత కింద నలిగేవాడికి వేరు కాదు.

కిరణ్07 · 9:40

పైకన్ను అన్నా, దున్నిన నేల లెక్క చెప్పమంటే చెప్పకుండా గొర్రె లెక్క తీశావు. అది బాగాలేదు.

పాత_రేంజర్ · 9:58

ఒక కేసు చెప్పి అందరినీ దోషులు చేయడం సరికాదు. 1998లో నా దగ్గర దినకూలీకి పనిచేసే ఫైర్ వాచర్ ఒకతను ఉండేవాడు. ఇరవై ఆరేళ్లు. గాలి మళ్లి రెండు మంటల మధ్య చిక్కుకున్నాడు. నేనే మోసుకుని రోడ్డు దాకా తెచ్చాను. ఆసుపత్రికి చేరేలోపు పోయాడు. రికార్డుల్లో పేరు లేని కూలీ కాబట్టి ఇంటివాళ్లకు రూపాయి రాలేదు. వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఆ మంట అంటించింది కూడా పచ్చిక కోసమే. నాకు తెలుసు. మంటను సమర్థిస్తూ ఎవరు మాట్లాడినా నాకు అతని మొహమే గుర్తొస్తుంది.

గొర్లమంద · 10:03

ఎవరు అంటించారో చూశారా సార్? లేక అప్పుడు కూడా దగ్గర్లో మంద ఉందా?

మోడరేటర్ · 10:10

ఇద్దరూ కాస్త ఆగండి. వ్యక్తిగతంగా వెళ్తే చర్చకు తాళం వేయాల్సి వస్తుంది.

డార్విన్_లక్ష్మి · 11:45

ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి రాస్తున్నాను. అకౌంటెంట్‌ని. కార్బన్ క్రెడిట్ల ఖాతాలు చూడటం నా పనిలో భాగం. ఇక్కడ ఇదే గొడవను ఎలా తీర్చుకున్నారో చెబుతాను. పూర్తిగా తీరిందని అనను.

డార్విన్‌కు తూర్పున ఉన్న ఆర్నెమ్ ల్యాండ్ ఎత్తు మైదానం నుంచి ఆదివాసులు ఇరవయ్యో శతాబ్దంలో క్రైస్తవ మిషన్లకు, పట్టణాలకు వెళ్లిపోయారు. అప్పటిదాకా చలికాలంలో చిన్న చిన్న మంటలు వేసేవాళ్లు పోయేసరికి, అక్టోబరులో పిడుగు పడితే వారాల తరబడి కాలేది. 2006లో ఒక ఒప్పందం కుదిరింది. డార్విన్‌లో గ్యాస్ ప్లాంటు కట్టిన కంపెనీ 17 ఏళ్ల పాటు ఏటా సుమారు పది లక్షల డాలర్లు ఇవ్వాలి. ఆదివాసీ రేంజర్లు 28 వేల చదరపు కిలోమీటర్లలో ముందే మంట వేసి, ఏటా లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు తగ్గించాలి. మొదటి ఏడేళ్లలో అంతకు ముందు పదేళ్ల సగటుతో పోలిస్తే దాదాపు 38 శాతం తగ్గించారు. ఇక్కడ కూడా లెక్కలో మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రమే. మాస్టారు గారికి తృప్తిగా ఉంటుంది.

ఏప్రిల్ నుంచి జులై దాకా గడ్డిలో తడి ఉంటుంది, రాత్రి మంచు పడి మంట తనంతట తానే ఆరిపోతుంది. మచ్చలు మచ్చలుగా కాలుతుంది, మొద్దులు అంటుకోవు. ఆగస్టు దాటాక వేస్తే అన్నీ కాలతాయి. కాబట్టి ఇక్కడ ఉద్గారాలు తగ్గింది మంట ఆపడం వల్ల కాదు, మంట వేయడం వల్ల.

కెమిస్ట్రీ_మాస్టారు · 12:05

అమ్మా లక్ష్మీ, తడి గడ్డి సరిగ్గా మండదు, పొగరాజుతుంది. పొగరాజితే టన్నుకు వచ్చే మీథేన్ పెరుగుతుంది. ఆ సంగతి లెక్కలో ఉందా?

డార్విన్_లక్ష్మి · 12:19

దాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తూనే ఉంది మాస్టారూ. పడమటి ఆఫ్రికాలో ఈ పద్ధతి పెట్టే ముందు మళ్లీ కొలవాలని అడుగుతున్నవాళ్లు ఉన్నారు. ఇక్కడ మాత్రం కాలే గడ్డి, కట్టె మొత్తమే తగ్గుతుంది కాబట్టి లాభం మిగులుతోంది. మాకు ఇప్పుడు పెద్ద టెన్షన్ ఆఫ్రికా నుంచి పశువుల మేతకని తెచ్చిన గాంబా గడ్డి. మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది. అది కాలితే మంట మామూలు గడ్డి మంట కంటే ఎన్నో రెట్లు తీవ్రం. చెట్లు చచ్చిపోతాయి.

పాత_రేంజర్ · 12:40

లక్ష్మిగారూ, అక్కడ రేంజర్లకు జీతం, జీపు, హెలికాప్టరు ఉంటాయి. ఇక్కడ మంట వేస్తే డబ్బులిస్తామని చెబితే, డబ్బు కోసమే అంటిస్తారు. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి రిజర్వులో నిప్పు నేరం. ఆ నియమం ఒకసారి సడలిస్తే మళ్లీ పట్టుకోలేం.

గొర్లమంద · 12:52

అంటే మాకిస్తే దుర్వినియోగం చేస్తాం అంటారు. సార్, చట్టం గురించి మాట్లాడటం లేదు మీరు. మా చేతుల మీద నమ్మకం లేదు మీకు. అది నేరుగా చెప్పండి.

పాత_రేంజర్ · మధ్యాహ్నం 2:30

భోజనం చేసి పడుకున్నాను, నిద్ర పట్టలేదు.

నేరుగా చెబుతాను. మీ చేతుల మీద కాదు, మా చేతుల మీద నాకు నమ్మకం లేదు. మంట వేయడం తప్పు కాదని పాత చెంచు పెద్దలు నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే చెప్పారు. ఎప్పుడు వేయాలో, ఎటు గాలి ఉన్నప్పుడు వేయాలో కూడా చెప్పారు. వాళ్లు వేసిన చోట పెద్ద మంట రాలేదని నా కళ్లతో చూశాను. కానీ రేపు "నియంత్రిత దహనం" అని పైనుంచి ఆర్డరు వస్తే ఏం జరుగుతుందో తెలుసా? టార్గెట్ పెడతారు. మార్చి 31లోపు ఇన్ని హెక్టార్లు అంటారు. గాలి చూడరు, తడి చూడరు. శిక్షణ లేని కూలీని నిప్పు ఇచ్చి లోపలికి పంపుతారు. మళ్లీ ఒక ఇరవై ఆరేళ్ల పిల్లవాడు పోతాడు. మళ్లీ అతని పేరు రికార్డులో ఉండదు. నా భయం అది. కర్బనం గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంకో మాట కూడా రాయాలి. ఎవరు అంటించారో తెలియనప్పుడు దగ్గర్లో ఉన్న కాపరి పేరు రాయడం మా కాలంలో జరిగేది. నేనూ రాశాను. రెండుసార్లు. కేసు లేకుండా ఫైరు రిపోర్టు పంపితే వివరణ అడిగేవాళ్లు. 1998 మంట ఎవరు అంటించారో నేను చూడలేదు. నీ ప్రశ్నకు జవాబు అదే.

గొర్లమంద · 2:58

సార్, ఇది రాసినందుకు ఏమనాలో తెలియడం లేదు. మా నాయనకు చదివి వినిపిస్తాను.

నేను కూడా నేరుగా చెబుతా. నాకు మంట వేసే హక్కు అక్కరలేదు. మా బీడును ఎవరో ఒకరు గడ్డినేల అని రాస్తే చాలు. కాగితాల్లో అది బంజరు. బంజరు అంటే పనికిరానిది అని అర్థం, కాబట్టి ఎవరికైనా ఇచ్చేయొచ్చు. పైకన్ను అన్నకు కూడా అది కాలినప్పుడే గడ్డినేల, కాలకపోతే లెక్కలోకే రాదు.

పైకన్ను · 3:20

ఆ చివరి మాట నిజం. కాలిన మచ్చలే నేను గుర్తిస్తాను. మచ్చ కనపడకపోతే, అక్కడ గడ్డి ఉండి కాలలేదా, గడ్డే లేక కాలలేదా అని నా పని చెప్పదు. రెండింటినీ ఒకటే గీతలో కలిపి "తగ్గింది" అని శీర్షిక పెట్టాను. ఆ రెండూ వేరు చేసి చూపించడం చేతకాని పనేం కాదు, నేల వినియోగం పటం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. చేయలేదు, అంతే.

అయినా ఒక విషయంలో నేను వెనక్కి తగ్గను. పశువు కడుపులోంచి వచ్చే మీథేన్ అంకె ఎవరికి కోపం తెప్పించినా అంకె మారదు. దున్నిన నేల అంకె దాని పక్కనే ఉండాలి. రెండూ రాయాలి.

కెమిస్ట్రీ_మాస్టారు · 3:31

అలా రాస్తే నాకు అభ్యంతరం లేదు. శీర్షికలో "స్థూల" అన్న పదం మర్చిపోకండి.

మల్లిక_గుంటూరు · 3:45

పొద్దున్నుంచి వంట కూడా ఆపి చదువుతున్నాను. గొర్లమంద గారూ, మీ నాన్నగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

గొర్లమంద · 4:10

బాగున్నాడు అక్కా. ఇప్పుడే చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రేంజర్ సార్‌ది ఏ అడవి అని అడిగాడు. నల్లమల అని చెప్పా.

పాత_రేంజర్ · 4:26

మీ నాన్నను ఒకటి అడుగు. మీ బీడులో కాల్చే రోజుల్లో ఏ నెలలో కాల్చేవాళ్లు?

గొర్లమంద · 4:48

అడిగా సార్. బీడు మొత్తం ఎప్పుడూ కాల్చలేదంట. ముల్లుగింజల గడ్డి ముదిరితే ఆ గింజలు గొర్రె ఉన్నిలోంచి చర్మంలోకి దిగి పుండ్లు పడతాయి. ఆ గడ్డి ఉన్న చోట మాత్రమే, సంక్రాంతి వెళ్లాక, మంచు పడే రోజుల్లో పొద్దుగూకేటప్పుడు వేసేవాళ్లు. మనుషులు నలుగురు రొట్ట పట్టుకుని చుట్టూ నిలబడేవాళ్లు. రాత్రికి అదే ఆరిపోయేదంట.

పాత_రేంజర్ · 5:05

సంక్రాంతికి మా నల్లమలలో బోద ఇంకా పూర్తిగా ఎండదు. అంటుకోదు. ఎండేసరికి ఫిబ్రవరి దాటుతుంది, అప్పటికి మంచు పోతుంది, రాలిన ఆకు మోకాలి లోతు ఉంటుంది. మీ నాన్న పద్ధతి మా దగ్గర పనికిరాదు.

గొర్లమంద · 5:11

మీ అడవి వేరు, మా బీడు వేరు సార్. ఇద్దరికీ ఒకటే చట్టం పెట్టారు.

పైకన్ను · 5:40

గొర్లమంద గారూ, మీ ఊరి పడమటి బీడు సరిహద్దులు నాకు విడిగా మెసేజ్ చేయగలరా? 2001 నుంచి ఉన్న చిత్రాలు తీస్తాను. ఏ ఏడు ఎంత కాలింది, ఏ ఏడు ఎంత దున్నారు, ఎక్కడ తుమ్మ వచ్చింది, మూడూ వేరు వేరు రంగుల్లో వేసి ఇక్కడే పెడతాను. మీ నాన్నగారు చూసి ఎక్కడ తప్పు ఉందో చెప్పాలి.

గొర్లమంద · 5:52

పంపిస్తా. వాగు అవతల గుట్ట కూడా కలపండి. 2016 ఏప్రిల్‌లో మంట ఏ వైపు నుంచి మొదలైందో పైనుంచి కనపడుతుందా?

పైకన్ను · 6:03

మబ్బు లేకుండా ఉంటే కనపడొచ్చు. ముందు అదే తీస్తాను.